మేట

రోజుకి ఇరవైరెండుసార్లు గోదారి దాటతాను.
నరసాపురం రేవు నించి సఖినేటిపల్లికి,
అక్కణ్ణించి మళ్ళీ ఇటు.
మోటారు సైకిళ్ళు, చేపల తట్టలు, పెళ్ళివారి కారు,
కోడిపిల్లల బుట్ట ఒళ్ళో పెట్టుకున్న ముసలమ్మ,
అందర్నీ దాటిస్తాను.
ఒక్క పరీక్ష దాటలేకపోయాను.

పంటు మీద మోకు మనిషిని నేను.
మోకు విసరడం, మోకు చుట్టడం,
టిక్కెట్టు చింపడం, చిల్లర లేదనడం.
సరంగు గదికి ఇనప మెట్లు ఏడు.
పంతొమ్మిదేళ్ళుగా ఆ ఏడూ ఎక్కుతున్నాను,
టీ గ్లాసు పట్టుకుని.

చుక్కాని పట్టుకోవాలంటే లైసెన్సు కావాలి.
లైసెన్సు కావాలంటే రాయాలి.
మొదటిసారి అడిగారు:
"నీటి లోతును ఏ విధముగా తెలుసుకొందురు?"
ఐదో తరగతిలో ఆగిన చెయ్యి నాది.
"గెడతో" అని రాశాను.
ఇంకేం రాయను?
బురదైతే గెడ మెత్తగా దిగబడుద్ది,
ఇసకైతే అరచేతిలో గరగరమంటది.
ఆ గరగరని పది మార్కులకి సాగదియ్యడం
నాకు చేతకాలేదు.

రెండోసారి గట్టిగా చదివాను.
మా దేదీప్య ఏడో తరగతి, నా ఒత్తులు దిద్దేది.
"నాన్నా, ప్రమాదంలో క్రావడి ఏదీ?"
"గోదాట్లో పడిపోయిందే."
పరీక్ష కాకినాడలో, శ్రావణంలో.
ముందురోజు రాత్రి ఎర్రనీళ్ళొచ్చాయి.
తెల్లారేసరికి పంటు కట్టెయ్యమన్నారు.
కట్టింది నేనే, నా చేత్తో వేసిన ముడే.
చించినాడ వంతెన మీంచి చుట్టు తిరిగి
మూడు బస్సులు మారి వెళ్ళేసరికి
గేటు మూసి నలభై నిమిషాలైంది.
కాపలా అతను మంచోడే, మంచినీళ్ళిచ్చాడు.
అవి తాగి వచ్చేశాను.

పుస్తకం లైఫ్ జాకెట్ల పెట్టెలో పడేశాను,
ఆ పెట్టె ఎవరూ తియ్యరు కాబట్టి.
సుభద్ర ఏమీ అనలేదు. అంటే బావుండేది.
రేవులో అనేవాళ్ళు అన్నారు:
"నలభై దాటాక నీకెందుకయ్యా,
మోకు కూడు పెట్టట్లేదా?"
పెడుతోంది.
కూడు పెట్టేదాని మీద నాకేం కోపం లేదు.
టీ పట్టుకెళ్ళినప్పుడల్లా మాత్రం
మెట్లు లెక్కెట్టడం మానలేదు.

కార్తీకంలో ఓ సాయంత్రం
పాటు మీద వస్తూ పంటు మేటెక్కింది.
నిన్న అక్కడ మేట లేదు, ఒట్టు.
జనం కేకలు. రైలు తప్పిపోద్దని ఒకాయన
నా చొక్కా పట్టుకున్నాడు.
సరంగు ధర్మయ్య ఇంజిను ఆపేశాడు.
"తోలితే ఇంకా కూరుకుంటది.
గెడ వెయ్యి."
వేశాను.
"ఎంత?"
"మూడడుగులు."
బీడీ ముట్టించి పావుగంటాగి మళ్ళీ,
"ఎంత?"
"మూడే."
చీకటి పడింది. పసివాడెవడో ఏడ్చి పడుకున్నాడు.
రైలాయన చొక్కా వదిలేసి
నా పక్కనే కూలబడ్డాడు.
"ఎంత?"
గెడ తీసి తడి చూశాను.
"ఓ వేలెడు పెరిగింది."
నీళ్ళు అలాగే ఉన్నాయి, కదిలినట్టే లేవు.
కానీ అంతర్వేది దగ్గర సముద్రం
ఇటు తిరిగిందని
ఆ వేలెడు తడి నాకు చెప్పింది.

ఆ రాత్రి ఇంటికెళ్ళబోతూ
పెట్టె మూత తీశాను.
పుస్తకానికి బూజు పట్టింది,
అట్ట మీద బొద్దింక గుడ్లు.
దులిపాను.

ఇప్పుడు ఆఖరి ట్రిప్పు అయ్యాక
రేవు దీపం కింద కూచుంటున్నాను.
కొన్ని రాత్రులు ఒక పేజీ.
కొన్ని రాత్రులు పేజీ మీద నిద్ర.
నిన్న చదివింది ఇవాళ ఉండదు,
మేటలాగే ఎక్కడికో జరిగిపోద్ది.
మళ్ళీ వెతుక్కుంటాను.

సోమవారం పరీక్ష.
ఈసారి శనివారమే దాటేస్తున్నాను.
కొత్తగా వచ్చిన కుర్రాడు మోకు విసురుతాడు,
వాడికింకా గురి లేదు.
టిక్కెట్టు కొంటానన్నాను, నవ్వారు.
లైసెన్సు వస్తుందో రాదో గోదారికే తెలియాలి,
ఆవిడెప్పుడూ ముందు చెప్పదు.

రాత్రి అన్నం దగ్గర దేదీప్య అడిగింది,
"నాన్నా, ఎంతయింది?"
కంచంలోంచి చెయ్యి తీసి
చూపుడువేలు చూపించాను.